బల్ల చుట్టూ విద్య
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1859లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం నుంచి ఒక బాలుడు హార్వర్డ్ కళాశాలలో ప్రవేశం కోరి బయలుదేరాడు. పదహారు విషయాలలో పరీక్ష జరిగింది. పదిహేనింటిలో తప్పాడు. ఈ లెక్కను ఆ తరువాతి కాలంలో, పేరు ప్రతిష్ఠలు గడించిన పిమ్మట, ఆయనే దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. ఆ బాలుని పేరు రాబర్ట్ లింకన్. తండ్రి అబ్రహాం లింకన్. ఆ తండ్రి జీవితంలో బడికి వెళ్లిన రోజులన్నీ కూడినా ఒక సంవత్సరం నిండదు. తనకు దక్కని చదువు కుమారునికి దక్కాలని ఆశించిన కోట్లాది తల్లిదండ్రులలో ఆయన ఒకరు. ఈ సభలో కూర్చున్నవారికి ఆ ఆశ ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు.

పరీక్ష తప్పిన పిల్లవాణ్ణి ఇంటికి తిరిగి పిలిపించలేదు. బోస్టన్ నగరానికి ఉత్తరంగా సుమారు యాభై మైళ్ల దూరంలో, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని ఎక్సెటర్ అనే చిన్న పట్టణంలో, కళాశాల చదువుకు బాలురను సిద్ధం చేసే ఒక పాఠశాల ఉన్నది. అక్కడ చేర్చారు. 1860 ఫిబ్రవరి 27న న్యూయార్క్‌లో తన ప్రసిద్ధ ప్రసంగం చేసిన లింకన్, అక్కడి నుంచి కుమారుని చూడటానికి ఎక్సెటర్ వెళ్లి, మార్చి 3న ఆ ఊరి టౌన్ హాలులో కూడా మాట్లాడారు. కొడుకును చూడబోయిన ఆ ప్రయాణంలో న్యూ ఇంగ్లండ్ ప్రాంతపు ప్రజలు ఆయనను దగ్గరగా ఎరిగారు. అదే సంవత్సరం రాబర్ట్ హార్వర్డ్‌లో ప్రవేశం పొందాడు. అతని మిత్రుడొకడు మాత్రం పరీక్ష తప్పాడు. అప్పటికే దేశాధ్యక్ష పదవికి అభ్యర్థిగా నిలిచి, క్షణం తీరిక లేని లింకన్, జూలై 22న ఆ పిల్లవానికి స్వయంగా ఓదార్పు ఉత్తరం వ్రాశారు. గట్టి సంకల్పం ఉంటే ఈ ఓటమి నిలిచేది కాదన్నది ఆ లేఖాసారాంశం. పదవ తరగతి ఫలితాల నాడు ఇంట్లో ఏమి మాట్లాడాలో తోచని పెద్దలు తెలుసుకోదగిన ఉత్తరం అది.

ఆ పాఠశాల ఫిలిప్స్ ఎక్సెటర్ అకాడమీ. ప్రభుత్వానిది కాదు, ప్రైవేటు పాఠశాల. జాన్ ఫిలిప్స్ అనే ధనికుడు, ఆయన సతీమణి ఎలిజబెత్ 1781లో దానిని స్థాపించారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ఇంకా ముగియని రోజులవి. స్థాపకుడు వ్రాసి ఇచ్చిన దానపత్రంలోని ముఖ్యమైన ఆలోచన ఇది: విద్య లేని మంచితనం బలహీనం, మంచితనం లేని విద్య అపాయకరం, ఈ రెండూ కలిసినప్పుడే మనిషి లోకానికి పనికివస్తాడు. పాఠశాల ముద్రపై లాటిన్ భాషలో ‘తన కొరకు కాదు’ అనే అర్థమిచ్చే మాటలున్నాయి. ఇటువంటి వాక్యాలు ఏ విద్యాలయపు గోడమీదనైనా కనిపిస్తాయి, వ్రాయించడం సులభం. ఎక్సెటర్‌ను గురించి చెప్పుకోవలసింది గోడమీది వాక్యం కాదు. ఆ గోడల మధ్య బల్లలను జరిపిన తీరు.

నూట యాభై సంవత్సరాల పాటు అక్కడి తరగతి గది కూడా అన్ని తరగతి గదుల వంటిదే. ఉపాధ్యాయుడు ఎదుట, బాలురు వరుసలలో. నిన్నటి పాఠాన్ని నేడు ఒక్కొక్కరు లేచి అప్పచెప్పాలి. అప్పచెప్పడం అన్న మాటలోనే ఆ పద్ధతి స్వరూపమంతా ఉన్నది. గురువు ఇచ్చినదానిని, చెక్కుచెదరకుండా, గురువుకే తిరిగి ఇచ్చివేయడం. చేతిలో తనదంటూ ఏమీ మిగలదు. చురుకైనవారు ఆ పరీక్షకు నిలిచేవారు. వెనుక వరుసలో కూర్చున్న బిడియస్థుడు, పేరు పిలుస్తారేమో అని తలవంచుకుని, గంట కొట్టేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు. ఈ రెండవవాడు ఏ దేశంలోనైనా ఉంటాడు.

అటువంటి బాలుడొకడు పెరిగి కోటీశ్వరుడయ్యాడు. అంటే, కోటీశ్వరునిగానే పుట్టాడు. ఎడ్వర్డ్ హార్క్‌నెస్ తండ్రి, రాక్‌ఫెల్లర్ చమురు కంపెనీలో మొదట్లోనే పెట్టుబడి పెట్టి అపారమైన ధనం గడించినవారిలో ఒకరు. కుమారుడు స్వభావతః బిడియస్థుడు, చదువులో సామాన్యుడు. ఎక్సెటర్‌లో చదివినవాడు కూడా కాదు. ఆయన బడి వేరు, అదీ అదే రాష్ట్రంలో ఉన్న మరొక వసతి పాఠశాల. పెద్దవాడైన తరువాత హార్వర్డ్, యేల్ విశ్వవిద్యాలయాలలో విద్యార్థులు చిన్న చిన్న సముదాయాలుగా కలిసి నివసించే భవనాలకు విరివిగా ధనమిచ్చాడు. గుంపులో కలిసిపోయి ఎవరికీ కానరాకుండా మిగిలిపోయే విద్యార్థి బాధ ఆయనకు పుస్తకం చదివి తెలిసినది కాదు.

1930లో ఎక్సెటర్ ప్రధానాచార్యుడు లూయిస్ పెర్రీ ఆయనను సహాయమడిగారు. ఇస్తాను, కాని బోధనాపద్ధతిలో మౌలికమైన మార్పు ఏది అని దాత ప్రశ్నించాడు. మొదట పంపిన ప్రణాళిక, ఉన్నదానికే కొంత మెరుగులు దిద్దినట్లున్నదని తిప్పి పంపాడు. దాత అడిగినదానికి సంస్థ తలవంచడం ఎల్లప్పుడూ మంచిది కాదు. ఇక్కడ మాత్రం మేలే జరిగింది. ఆ ఏప్రిల్‌లో పెర్రీకి వ్రాసిన లేఖలో హార్క్‌నెస్ తన మనసులోని చిత్రాన్ని వివరించాడు. ఎనిమిది మంది బాలురు ఒక బల్ల చుట్టూ కూర్చోవాలి. ఉపాధ్యాయుడు వారి మధ్యనే కూర్చుని మాట్లాడాలి. సామాన్యుడికి, అంతకంటె తక్కువవాడికి కూడా నోరు విప్పి తన సందేహం చెప్పే ధైర్యం కలగాలి. ఆ లేఖలో మేధావుల ప్రసక్తి ముఖ్యం కాదు. అక్కడి దృష్టి అంతా వెనుక వరుసపైనే.

ఎనిమిది అన్న సంఖ్య వినగానే తెలుగువారికి అష్టావధానం తలపుకు రాక మానదు. ఎనమండుగురు పృచ్ఛకులు, ఒక అవధాని. పృచ్ఛకుడు లేనిదే అవధానం లేదు, అడగడం కూడ ఒక విద్యేనని ఆ సంప్రదాయం ఎన్నడో గుర్తించింది. భేదం ఒక్కటే. అవధానంలో అందరూ ఒక్కరినే పరీక్షిస్తారు. హార్క్‌నెస్ ఊహించిన బల్ల వద్ద ఒకరినొకరు పరీక్షించుకుంటారు.

ఆ సంవత్సరం నవంబరులో 58 లక్షల డాలర్ల విరాళం పాఠశాలకు అందింది. అమెరికా మహా ఆర్థికమాంద్యంలో చిక్కుకున్న సమయమది. ఆ ధనంలో ప్రధానమైన ప్రయోజనం ఉపాధ్యాయుల సంఖ్య పెంచి తరగతిని చిన్నది చేయడం. కోడిగుడ్డు ఆకారపు పెద్ద బల్లలు వచ్చాయి. బల్ల చుట్టూ పన్నెండు మంది విద్యార్థులు, ఒక ఉపాధ్యాయుడు. ఆ ఆకారం ఊరికే ఎన్నుకున్నది కాదు. గుండ్రంగా ఉంటే బల్ల మరీ వెడల్పై ఎదుటివారు దూరమవుతారు. చదరంగా ఉంటే మూలలు వస్తాయి, తల వైపు కూర్చున్నవాడు యజమాని అవుతాడు. ఈ బల్ల దగ్గర ప్రతివారికీ అందరి ముఖాలూ కనిపిస్తాయి. దాక్కొనేందుకు వెనుక వరుస లేదు.

అక్కడ గంటసేపు జరిగేదేమిటో కొంచెం వివరంగా చెప్పుకోవడం అవసరం. దూరం నుంచి చూస్తే అది కబుర్లు చెప్పుకునే సభ అనిపించవచ్చు. పాఠం విద్యార్థి ముందురోజే చదివి రావాలి. చదవకుండా వచ్చినవాడు బల్ల దగ్గర రెండు నిమిషాలలో బయటపడిపోతాడు. ఒకరు తనకు తోచిన అర్థం చెబుతారు, మరొకరు అది గ్రంథంలో ఏ పుటలో ఉన్నదో చూపమంటారు. మూడవవారు, ఇద్దరూ విడిచిపెట్టిన వాక్యాన్ని పట్టుకుంటారు. ఉపాధ్యాయుడు మాట్లాడేది బహుస్వల్పం. కొందరు ఉపాధ్యాయులు కాగితం మీద బల్ల బొమ్మ గీసుకుని, మాట ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో గీతలతో గుర్తిస్తారు. గంట ముగిసేసరికి కాగితం మీద సాలెగూడు తయారవుతుంది. గీత తాకని పేరు ఏదో, గీతలన్నీ తనవైపే లాక్కున్న పేరు ఏదో తేటతెల్లంగా కనిపిస్తుంది. ఎవరికి ఎన్ని మార్కులని కాక, మాట ఎవరి దాకా చేరలేదని లెక్క చూసే ఆ కాగితం, ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారు ఒకసారి గీసి చూడదగినది.

సాహిత్యానికి, చరిత్రకు సరే, గణితానికి ఇది ఎలా నప్పుతుందన్న సందేహం సహజం. ఎక్సెటర్ గణితోపాధ్యాయులు తామే కూర్చుకున్న సమస్యల సంపుటాలతో బోధిస్తారు. అధ్యాయాలుగా విభజించి, మొదట సూత్రం చెప్పి, తరువాత అభ్యాసం ఇచ్చే పద్ధతి అందులో లేదు. సమస్య తరువాత సమస్య. సూత్రం వాటిని సాధిస్తూ పోతుంటే విద్యార్థికే దొరకాలి. రాత్రి ఇంట ప్రయత్నించి, ఉదయం గది చుట్టూ ఉన్న నల్లబల్లల మీద తమ తమ సాధనలు వ్రాస్తారు. తప్పయినా వ్రాస్తారు. ఆ తప్పు ఎక్కడ మొదలైందో కలిసి వెదుకుతారు. ఈ సంపుటాలను పాఠశాల ఎవరైనా ఉచితంగా తీసుకోగలిగేలా బహిరంగంగా ఉంచింది. కోట్ల డాలర్ల బడిలో ఖర్చు లేకుండా బయటివారికి అందే వస్తువు అదొకటి.

ఇంత చెప్పిన తరువాత ఆ పాఠశాల లోపాలను దాచడం న్యాయం కాదు. 1970 వరకు అక్కడ బాలికలకు ప్రవేశం లేదు. నలుమూలల పిల్లలకూ తలుపు తెరిచి ఉండాలని స్థాపకుడు కోరినా, దాదాపు రెండు శతాబ్దాలు సగం లోకానికి ఆ తలుపు మూసే ఉన్నది. అది సంపన్నుల బడి అన్న పేరూ నిజమే. 2007లో, ఏటా 75 వేల డాలర్లకు మించని ఆదాయమున్న కుటుంబాల పిల్లలకు ఉచితంగా చదువు చెప్పాలని నిర్ణయించారు. అంతటి మూలధనం చేత ఉన్నది కనుక చేయగలిగారు. బల్ల విషయంలోనూ చిక్కులున్నాయి. వాగ్ధాటి గలవాడు సభను ఆక్రమించవచ్చు. ఆలోచించి ఆలస్యంగా మాట్లాడే పిల్లవాడు, పన్నెండు జతల కళ్ల ఎదుట తన మౌనానికే సిగ్గుపడవచ్చు. బిడియస్థుని కోసం పెట్టిన బల్ల బిడియస్థునికే శిక్ష అయ్యే ప్రమాదం ఉన్నది. దానికి విరుగుడు బల్లలో లేదు, బల్ల దగ్గర కూర్చున్న పెద్దమనిషి నేర్పులో ఉన్నది.

అయినా ఆ మార్పులో ఒక గట్టి విషయం కనిపిస్తుంది. కళాశాలకు సిద్ధం చేయడమంటే ఏమిటన్న ప్రశ్నకు ఎక్సెటర్ రెండు కాలాలలో రెండు సమాధానాలు ఇచ్చింది. లింకన్ కుమారుని నాడు, ద్వారం దాటించడం. హార్క్‌నెస్ తరువాత, ద్వారం దాటిన పిదప లోపల నిలబడి మాట్లాడగలిగేలా చేయడం. తెలుగునాట నేడు కళాశాలకు సిద్ధం చేయడమంటే మొదటిదే. ఈఏపీసెట్, ఐ.ఐ.టి. పరీక్షల కోసం తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా పిల్లలను కూర్చోబెట్టే కళాశాలలు ఆ పనిని కడు సమర్థంగా నిర్వహిస్తున్నాయి. వాటిని నిందించి ప్రయోజనం లేదు, పేదింటి పిల్లలెందరో ఆ ద్వారం గుండానే పైకి వచ్చారు. కాని ఆ ద్వారం దాటిన తరువాత ఒక ఆచార్యుడు, ఇందులో నీ అభిప్రాయమేమిటి అని అడిగినప్పుడు తల వంచుకున్నవారు కూడా ఎందరో.

ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు పిప్పలాద మహర్షి వద్దకు వస్తారు. ఒక సంవత్సరం నియమంతో ఉండండి, తరువాత మీకు తోచిన ప్రశ్నలు అడగండి, తెలిసినట్లయితే చెబుతామని ఆయన అంటాడు. ఆ గ్రంథానికి పేరు జవాబుల వల్ల రాలేదు, ప్రశ్నల వల్ల వచ్చింది. తెలిసినట్లయితే అన్న షరతు ఒక మహర్షి నోట రావడం కూడా గమనించదగినదే. తరగతి గదిలో ఆ మాట అనగలిగిన ఉపాధ్యాయుని ఎదుట పిల్లవాడు భయపడడు.

ఇక్కడ పర్లాకిమిడిని తలచుకోవాలి. ఒడిశాలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారికి అది పరాయి ఊరు కాదు. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1880లో ఉపాధ్యాయులుగా చేరింది అక్కడి రాజావారి పాఠశాలలోనే. 1907 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే పాఠశాలల పరీక్షాధికారి, జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకంలోని తెలుగుకూ ఇంత అంతరమెందుకని అడిగిన ప్రశ్న, పంతులుగారిని వ్యావహారిక భాషోద్యమం వైపు నడిపించింది. సాధారణంగా దానిని సాహిత్య వివాదంగా చెప్పుకుంటారు. మూలంలో అది తరగతి గది సమస్య. తన నోట పలికే భాష బడిలో తప్పు అయినప్పుడు పిల్లవాడు మాట్లాడటం మానేస్తాడు, కంఠస్థం చేసినదాన్ని అప్పచెబుతాడు. పంతులుగారు అంతటితో ఆగలేదు. చుట్టుపక్కల కొండలలోని సవరల భాషను సవరల వద్దనే కష్టపడి నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు వ్రాసి, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆ నిర్ణయానికి నొచ్చుకుని రాజమహేంద్రవరం తరలిపోయారు.

పంతులుగారికీ హార్క్‌నెస్‌కూ ఏ పరిచయమూ లేదు. ఒకరు అద్దె ఇంటి లెక్కలెరిగిన బడిపంతులు, ఒకరు చమురు సంపదకు వారసుడు. ఇద్దరూ 1940 జనవరిలోనే, ఒక్క వారం తేడాతో కన్నుమూశారు. ఒకరు బల్ల ఇచ్చారు, ఇంకొకరు ఆ బల్ల దగ్గర మాట్లాడటానికి కావలసిన భాష ఇచ్చారు. రెండూ నోరు మెదపని పిల్లవాని కోసమే.

ఈ పాఠశాల తెలుగు మాధ్యమాన్ని నిలుపుకుంటూ వచ్చింది. వీధిలో ఒడియా, కచేరిలో ఒడియా, ఆంగ్లం, ఇంట తెలుగు. ఇటువంటి చోట తెలుగు బడికి పంపిస్తే పిల్లలు కళాశాలలో వెనుకబడతారన్న భయం తల్లిదండ్రులకు ఉన్నది. అది అవివేకమని కొట్టిపారేయడం తగదు. పై చదువులో ఆంగ్లం తప్పనిసరి అయినప్పుడు ఆంగ్లం బాగా నేర్పవలసిన బాధ్యత బడిపైన ఉన్నది, ఆ విషయంలో భాషాభిమానం సాకు కారాదు. అయితే కళాశాలలో పిల్ల మౌనంగా కూర్చోవడానికి కారణం ఆంగ్లం రాకపోవడం ఒక్కటే కాదు. పది సంవత్సరాలు బడిలో ఉండి, తన సొంత వాక్యం ఒక్కటి కూడా ఎవరికీ వినిపించని పిల్లకు, ఆంగ్లం వచ్చినా ఆ భాషలో చెప్పడానికి ఏముంటుంది? ఒక భాషలో వాదించడం అలవడినవారికి రెండవ భాషలో కావలసింది మాటలు మాత్రమే. ఆ మొదటి అలవాటు ఇంటి భాషలో అలవడినంత సులభంగా అర్థమయీ కానట్లున్న భాషలో అలవడదు. అందువల్ల తెలుగు బడి చేతిలో ఎక్సెటర్‌కు లేని లోటు ఒకటి, ఎక్సెటర్‌కు ఉన్న బలం ఒకటి ఉన్నాయి. లోటు ధనం. బలం, అమ్మతో మాట్లాడే భాషలోనే ఉపాధ్యాయునితోనూ తర్కించే వీలు.

ఆ వీలు ఎంతవరకు వాడుకుంటున్నారన్నది ఉపాధ్యాయులు తమలో తాము చూసుకోవలసిన విషయం. తెలుగు మాధ్యమమైనా పాఠం గైడులోని జవాబుగానే సాగితే పిల్లకు దక్కినది ఇంటి భాషలో మౌనమే. యాభై మంది ఉన్న తరగతిలో, పాఠ్యప్రణాళిక పూర్తి చేయాలన్న ఒత్తిడి నడుమ, ప్రతి గంటా చర్చగా నడపడం సాధ్యం కాదు. ఏ బడ్జెట్టులోనూ పన్నెండు మందికొక ఉపాధ్యాయుడు రాడు. వారానికి ఒక గంట సాధ్యం.

ఇందులో పూర్వ విద్యార్థుల పాత్ర ఉన్నది. ఉత్సవాల సందర్భంలో పాఠశాలకు గది కట్టించాలని, పంకాలు, బీరువాలు ఇవ్వాలని వారు ముందుకు రావడం ఆనవాయితీ. అవి అవసరమే. హార్క్‌నెస్ విరాళంలో అసలు విలువైన భాగం పెద్దల సంఖ్య పెంచి పిల్లల గుంపును చిన్నది చేయడం అన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. ఏడవ తరగతిలో నలభై ఎనిమిది మంది ఉంటే, శనివారం చివరి గంటకు నాలుగు చాపలు పరిస్తే చాలు. చాపకు పన్నెండు మంది. ఒక చాప దగ్గర తెలుగు ఉపాధ్యాయుడు, మిగిలిన మూడింటి దగ్గర ఈ ఊళ్లోనే ఉన్న పూర్వ విద్యార్థులు ముగ్గురు. వారిలో ఒకరు బ్యాంకు ఉద్యోగి కావచ్చు, ఒకరు విశ్రాంత రైల్వే ఉద్యోగి కావచ్చు, ఒకరు ఈ బడిలోనే చదివి ఇప్పుడు పిల్లలను పంపుతున్న గృహిణి కావచ్చు. పిల్లలందరూ ముందురోజు చదివి వచ్చిన ఒక కథో, ఒక లెక్కో మధ్యలో ఉండాలి. పెద్దవారి చేతిలో ఒక కాగితం, దానిమీద పన్నెండు పేర్లు.

ఆ పెద్దవారికి పట్టా అక్కరలేదు, బోధనానుభవం అక్కరలేదు. మొదటి పది నిమిషాలు తాము మాట్లాడకుండా కూర్చోగలగాలి. ప్రసంగాలు చేసేవారికి అది ఎంత కష్టమో ఈ సభకు ఇప్పటికే తెలిసి ఉంటుంది.